పాత ట్రావెల్ ట్రైలర్ లోపలి అల్యూమినియం గోడలు: పెచ్చులు ఊడుతున్న చోట మళ్ళీ పెయింట్ నిలవాలంటే ఏం చేయాలి?

పాతబండి20
కారు వెనక తగిలించి లాగే 1960ల నాటి ఇంటిబండి, 20 అడుగులు. లోపలి గోడలు, పైకప్పు అంతా అల్యూమినియం రేకే. పెయింట్ పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది. కొన్నిచోట్ల గోటితో గీరినా అరచెయ్యంత ముక్క వచ్చేస్తోంది, రెండడుగులు పక్కకి జరిగితే స్క్రేపర్ పెట్టి గీకినా కదలడం లేదు. ముందున్న యజమాని ఇంటి గోడలకి వేసే ఎమల్షన్ ఒక కోటు వేసినట్టుంది. దాని కింద బూడిదరంగు మీద తెల్ల, నల్ల చుక్కలున్న పాత పెయింట్ కనిపిస్తోంది.

వదులుగా ఉన్నదంతా గీకేసి, శాండ్ పేపర్ పట్టి, మంచి ఎమల్షన్ రెండు కోట్లు వేద్దామని ఉంది. రెండు శని ఆదివారాల్లో పూర్తవ్వాలి. ప్రైమర్ తప్పనిసరా? మొత్తం పెయింట్ ఎంత పడుతుంది?

రివెట్_సుత్తి
ప్రైమర్ తప్పనిసరి. ఒట్టి అల్యూమినియం మీద ఎమల్షన్‌కి పట్టు దొరకదు. ఇప్పుడు ఊడుతున్నది చాలావరకు అందుకే అయ్యుంటుంది.

రెండుకోట్లు
ఆర్బిటల్ శాండర్ (గుండ్రంగా తిరుగుతూ రుద్దే మెషిన్) తీసుకుని 120 నంబరు పేపర్‌తో ఒక పూటలో అంతా దులిపెయ్యొచ్చు. ఆ తర్వాత ప్రైమర్, పెయింట్. మరీ అంత పెద్ద పనేం కాదు.

పెయింట్_పట్టు
రెండుకోట్లు గారూ, దయచేసి ఆగండి. 1960ల పెయింట్‌ని పొడిగా మెషిన్‌తో రుద్దమని చెప్పకండి. అమెరికాలో ఇళ్ళకి వాడే పెయింట్‌లో సీసాన్ని 1978లోనే కట్టడి చేశారు. అంతకు ముందు పూసిన ఏ పూతలోనైనా సీసం ఉందనుకునే మొదలుపెట్టాలి. నాలుగైదు పెచ్చులు, అన్ని పొరలూ ఉండేలా, ల్యాబ్‌కి పంపితే సంగతి తేలిపోతుంది. ఆ ఫలితం వచ్చేదాకా పొడిగా రుద్దడం వద్దు, వేడి గాలి గన్ను వద్దు.

పాతబండి20 గారూ, మీరు ప్రైమర్ గురించి ఆలోచించే ముందు ఒక పెచ్చుని తిరగేసి చూడండి. జవాబు దాని వెనక వైపే ఉంటుంది.

పెచ్చు వెనక శుభ్రంగా ఉండి, అది ఊడిన చోట రేకు తళతళ మెరుస్తుంటే, మొదటిసారి వేసినప్పుడే లోహాన్ని సరిగ్గా తుడవలేదనో గరుకు చేయలేదనో అర్థం. వెనక వైపు బూడిదరంగు చుక్కల పెయింట్ అంటుకుని వస్తే, అదీ పై కోటుతోపాటే లేస్తోంది. ఎమల్షన్ ఒక్కటే ఊడి చుక్కల పెయింట్ గోడమీద నిలిచి ఉంటే, తేడా ఆ రెండు కోట్ల మధ్య ఉంది, లోహానికి ఏమీ కాలేదు. వెనక తెల్లటి పిండిలా ఉంటే అది పెయింట్ సమస్యే కాదు, రేకు తినేస్తోంది, ఎక్కడి నుంచో నీళ్ళు వస్తున్నాయి.

ఈ నాలుగింటికీ మందు వేరు. ఒకే బండిలో నాలుగూ ఉండొచ్చు కూడా. కనీసం ఏడెనిమిది చోట్ల చూసి చెప్పండి: కిటికీల కింద, పైకప్పు వెంట్ చుట్టూ, స్టవ్ వెనక, మంచం పక్కన, తలుపు పైన.

చెమ్మచుక్క
పై పోస్టుకి తోడు: కిటికీ కింద మూలల్లో ఊడుతుంటే మొదట లీకు పట్టుకోండి. లీకు ఆపకుండా వేసే ఏ పెయింటయినా దండగే.

వినైల్_గోడ
ఒక చిన్న అనుమానం తీర్చుకోండి. ఆ కాలపు బళ్ళన్నిటిలో పెయింటే ఉండదు. ఎయిర్‌స్ట్రీమ్ కంపెనీ బళ్ళలో 1950లలో చుక్కల చుక్కల జోలాటోన్ పూత వేసేవారు, తర్వాతి రోజుల్లో వినైల్ పొర అంటించిన రేకు వచ్చింది. వినైల్ అయితే పద్ధతి మొత్తం మారిపోతుంది. దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపిన పదార్థం ఏళ్ళ తరబడి పైకి ఊరుతూ ఉంటుంది, మామూలు పెయింట్ దాని మీద ఎన్నాళ్ళయినా జిగురుగానే ఉండిపోతుంది.

తెలుసుకోవడం తేలిక. కనపడని మూల బ్లేడుతో చిన్న గాటు పెట్టి అంచు లేపండి. వినైల్ అయితే రబ్బరులా సాగుతూ పొరగా వస్తుంది. పెయింట్ అయితే విరిగి రవ్వలుగా రాలుతుంది.

పాతబండి20
గాటు పెట్టి చూశాను, రవ్వలుగా రాలింది. కాబట్టి పెయింటే.

పెచ్చులు తొమ్మిది చోట్ల తిరగేశాను. పక్క గోడలు, పైకప్పులో ఎక్కువ భాగం: ఎమల్షన్ ఒక్కటే ఊడుతోంది, కింద చుక్కల పెయింట్ గట్టిగా ఉంది, కాకపోతే జిడ్డుగా, పచ్చబారి ఉంది. స్టవ్ వెనక: రెండు పొరలూ లేచి వస్తున్నాయి, కింద మెరిసే రేకు. ముందు కిటికీ కింద ఎడమ మూల: తెల్లటి పిండి, రేకు మీద సన్నటి పురుగు పాకినట్టు వంకర గీతలు. తలుపు పైన ఒకచోట పెయింట్ కింద పసుపుపచ్చ రంగులో ఇంకో పూత ఉంది.

వెనక వైపు వంపు తిరిగిన ముక్క రేకు కాదు, ప్లాస్టిక్. తడితే చప్పుడు వేరుగా ఉంది.

పెయింట్_పట్టు
బాగా చూశారు. ఇప్పుడు మీ పని సగానికి సగం తగ్గింది. గోడలన్నీ లోహం దాకా గీకక్కర్లేదు, చుక్కల పెయింట్ పట్టు బాగుంది కాబట్టి దాన్నే పునాదిగా ఉంచుకోండి. పోవలసింది దాని మీది ఎమల్షన్.

తలుపు పైన పసుపుపచ్చ పూత మీద శాండ్ పేపర్ అస్సలు పెట్టకండి. ఆ రోజుల్లో అల్యూమినియానికి వేసే జింక్ క్రోమేట్ ప్రైమర్ ఆ రంగులోనే ఉంటుంది. అందులోని ఆరు వేలెన్సీ క్రోమియం దుమ్ము ఊపిరితిత్తుల క్యాన్సర్ తెచ్చే సరుకు. అది గట్టిగా ఉంటే కదపకుండా తడి గుడ్డతో తుడిచి, దాని మీదే ప్రైమర్ వేసి కప్పెయ్యండి.

వంకర గీతలు ఫిలిఫాం తుప్పు. పూత కింద దారంలా పాకుతూ పోతుంది. దాని తల ఎక్కడ ఆగిందో చూసి, అక్కడి నుంచి ఇంకో రెండు అంగుళాలు అవతలి దాకా లోహం కనపడేలా శుభ్రం చేయాలి.

రెండుకోట్లు
సీసం సంగతి నాకు తట్టలేదు, ఆ సలహా వెనక్కి తీసుకుంటున్నాను. కానీ అంత ఎమల్షన్‌ని చేత్తో గీకడం ఎన్ని రోజులు పడుతుంది? పెయింట్ స్ట్రిప్పర్ పూస్తే పోదా?

గాలి_వెలుతురు
ఏ స్ట్రిప్పర్ అన్నదే ముఖ్యం. మిథిలీన్ క్లోరైడ్ ఉన్నదాని జోలికి వెళ్ళకండి. మూసిన చిన్న గదుల్లో, స్నానాల తొట్లు బాగుచేస్తూ, దాని ఆవిరికి మనుషులు చనిపోయారు. అమెరికాలో ఇంటి వాడకానికి అమ్మే పెయింట్ రిమూవర్లలో దాన్ని 2019లో నిషేధించారు. పాత డబ్బా షెడ్డులో ఉంటే ట్రైలర్‌లోకి తేవద్దు. అలాగే కాస్టిక్ సోడా ఉన్న స్ట్రిప్పర్ కూడా పనికిరాదు, అల్యూమినియాన్ని తినేసి హైడ్రోజన్ వదులుతుంది. ఓవెన్లు శుభ్రం చేసే మందుల్లో కూడా అదే ఉంటుంది, డబ్బా మీద చదవండి.

రివెట్_సుత్తి
అసలు స్ట్రిప్పరే అక్కర్లేదు. ఎమల్షన్ ఆల్కహాల్‌కి మెత్తబడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గుడ్డ తడిపి ఒక చదరపు అడుగు మేర ఒకటి రెండు నిమిషాలు అదిమి ఉంచండి, తర్వాత ప్లాస్టిక్ స్క్రేపర్‌తో తోస్తే ముద్దలా లేచి వస్తుంది. దుమ్ము లేవదు కాబట్టి సీసం భయం కూడా తక్కువ. ముందు చుక్కల పెయింట్ మీద ఒక మూల అదే గుడ్డ పెట్టి చూడండి, రంగు గుడ్డకి అంటకపోతే నిశ్చింతగా కానివ్వచ్చు. లాకర్ థిన్నర్ మాత్రం దగ్గరికి రానివ్వకండి, ఆ పాత పూత కరిగి బంకలా అయిపోవచ్చు.

లేచిన ముద్దలన్నీ కింద పరిచిన ప్లాస్టిక్ షీటులోనే పడాలి. రోజు చివర షీటు లోపలికి మడిచి సంచిలో కట్టెయ్యండి.

గాలి_వెలుతురు
ఆల్కహాల్ అంటుకుంటుంది! పని మొదలుపెట్టే ముందు గ్యాస్ సిలిండర్ వాల్వు కట్టెయ్యాలి, ఫ్రిజ్‌లో, హీటర్‌లో, వేడినీళ్ళ ట్యాంకులో పైలట్ మంట (ఎప్పుడూ వెలుగుతూ ఉండే చిన్న మంట) ఆరిందో లేదో ఒక్కొక్కటీ వంగి చూడాలి. పాత బళ్ళలో ఫ్రిజ్ పైలట్ కింద మూలన ఉంటుంది, చాలామంది మర్చిపోతారు. బ్యాటరీ తీగ కూడా ఊడదీయండి.

గాలి ఎలా ఆడాలంటే: తలుపు దగ్గర ఫ్యాను పెట్టి తాజా గాలి లోపలికి తొయ్యాలి, పైకప్పు వెంట్, దూరంగా ఉన్న కిటికీ తెరిచి ఉంచాలి. ఆవిరి మోటారు గుండా పోకూడదు. ముఖానికి గుడ్డ మాస్కు చాలదు. ఆవిరికి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్, సీసం దుమ్ముకి పి100 ఫిల్టర్, రెండూ బిగించుకునే రబ్బరు మాస్కు కావాలి. ఊడ్చడం వద్దు, హెపా ఫిల్టర్ ఉన్న వాక్యూమ్‌తో లాగి తడి గుడ్డతో తుడవండి.

చెమ్మచుక్క
ముందు కిటికీ సంగతి ఎవరూ ఎత్తుకోలేదు. లీకు పట్టే పద్ధతి చెప్తాను. గొట్టంతో కింద నుంచి పైకి తడపాలి, పై నుంచి కిందికి కాదు. కిటికీ కింది అంచు దగ్గర పది నిమిషాలు, తర్వాత పక్క అంచులు పది నిమిషాలు, తర్వాత పై అంచు, ఆ తర్వాతే పైకప్పు. లోపల ఒకరు టార్చితో కూర్చుని చూస్తుండాలి. పై నుంచి మొదలుపెడితే నీళ్ళు జారి వచ్చి ఏ సందులోంచి వస్తున్నాయో తెలియదు.

ఇద్దరు లేకపోతే ఇంకో దారి: తలుపు సందులో బ్లోయర్ పెట్టి, మిగతా సందులన్నీ టేపేసి, లోపల గాలి ఒత్తిడి నింపి, బయట రేకు మీద సబ్బు నీళ్ళు కొట్టాలి. లీకున్న రివెట్ దగ్గర నురగ బుడగలు ఉబ్బుతాయి.

పాతబండి20
కింద నుంచి పైకి తడిపి చూశాం. కిటికీ చుట్టూ ఏమీ రాలేదు. దాని పైన బయట అంచులో ఉన్న చిన్న దీపం దగ్గర తడపగానే మూడు నిమిషాల్లో లోపల చుక్క పడింది. దీపం బిళ్ళ కింద రబ్బరు ఎండిపోయి పొడి అయిపోయింది.

ఆ మూల ప్యానెల్ తీయమంటారా?

రివెట్_సుత్తి
తీయండి, తప్పదు. తెల్ల పిండి లోపలి వైపు ఉందంటే వెనక వేడి, చలి ఆపడానికి పెట్టిన దూది తడిసి ఉంటుంది. ప్యానెల్ బిగించిన రివెట్లు అంగుళంలో ఎనిమిదో వంతువి అయ్యుంటాయి. తల మధ్యలో 30వ నంబరు బిట్టు పెట్టి, తల ఊడేదాకానే తొలిచి, మేకు వెనక్కి తోసేయండి. బిట్టు లోతుగా పోనివ్వద్దు, వెనక కరెంటు తీగలుంటాయి. తిరిగి బిగించేటప్పుడు అదే కొలత పాప్ రివెట్ సరిపోతుంది.

చుట్టూ నల్లటి మరక ఉన్న రివెట్ కనిపిస్తే దాన్ని కూడా మార్చండి. బండి కదిలినప్పుడల్లా రివెట్ రేకుతో రాపిడి అయి ఆ నల్లటి పొడి వస్తుంది. దాని మీద ఏ పెయింటూ నిలవదు.

చెమ్మచుక్క
వెనక దూదిలో ఎలుకల గూడు ఉందేమో వాసన చూడండి. ఎలుక మూత్రం అల్యూమినియాన్ని చిల్లులు పడేలా తినేస్తుంది. ఉంటే చేతి తొడుగులు వేసుకుని, నీళ్ళు చల్లి తడిపి తీయాలి, పొడిగా లాగొద్దు. బ్లీచింగ్ నీళ్ళతో కడగొద్దు. అది రేకుని కొరుకుతుంది, పైగా మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే విషవాయువు వస్తుంది. తటస్థంగా ఉండే డిటర్జెంటు నీళ్ళు, ఆపైన మంచి నీళ్ళు, ఆపైన పూర్తిగా ఆరబెట్టడం.

పాతబండి20
గూడు ఉంది. రెండు సంచుల దూది తీశాను. ప్యానెల్ వెనక వైపు గుంటలు గుంటలుగా ఉంది కానీ చిల్లు లేదు.

ఇక ప్రైమర్. కొట్టు వాళ్ళు సెల్ఫ్ ఎచ్ అంటారు, ఇంకొకరు ఎపాక్సీ అంటారు. ఏది?

రెండుకోట్లు
సెల్ఫ్ ఎచ్ స్ప్రే డబ్బా. కలపక్కర్లేదు, పలుచగా కొట్టి పని కానిచ్చుకోవచ్చు.

ఎపాక్సీ_పక్షం
ఒట్టి లోహం కనిపించే చోట రెండు డబ్బాల (రెండు భాగాలు కలిపి వాడే) ఎపాక్సీ ప్రైమరే. సెల్ఫ్ ఎచ్‌లో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది, అది లోహాన్ని కొరికి పట్టుకుంటుంది, నిజమే. కానీ చెమ్మని ఆపదు. ట్రైలర్ లోపల రాత్రి చలికి రేకు మీద నీళ్ళు పడతాయి, ఆ నీళ్ళని ఆపగలిగేది ఎపాక్సీ. పైగా చాలామంది సెల్ఫ్ ఎచ్‌ని తెల్లగా కప్పేదాకా మందంగా కొడతారు. అది కింద లోహం నీడ కనపడేంత పలుచగా ఉండాలి. మందం పెరిగితే లోపల ఆమ్లం మిగిలిపోయి పైనున్న కోటుని లేపుతుంది.

ఇంకో మాట: సెల్ఫ్ ఎచ్ మీద ఎపాక్సీ వేయకూడదు. ఆ ఆమ్లం ఎపాక్సీలోని గట్టిపరిచే భాగాన్ని పాడుచేస్తుంది. రెండూ కలిపి వేస్తే ఇంకా గట్టిగా ఉంటుందనుకోవడం పొరపాటు. ఏదో ఒకటే.

రెండుకోట్లు
పలుచగా కొట్టి, దాని డబ్బా మీద రాసిన గడువులోపు పై కోటు వేస్తే సెల్ఫ్ ఎచ్ బాగానే నిలుస్తుంది. వెడల్పు రెండంగుళాల మచ్చకి ఎపాక్సీ కలపడం వృథా కదా.

పెయింట్_పట్టు
చిన్న గీతలకి రెండుకోట్లు గారి మాట సరే. కానీ స్టవ్ వెనక ప్యానెల్, తుప్పు మూల కలిపి ఈ బండిలో చాలా చోటుంది, అక్కడ ఎపాక్సీ వైపే నా మొగ్గు. పైగా నీళ్ళ పెయింట్ వేయబోతున్నారు, నీళ్ళ పెయింట్‌ని సెల్ఫ్ ఎచ్ మీద నేరుగా వేయొద్దని చాలా డబ్బాల మీద రాసి ఉంటుంది.

ఒట్టి లోహం దగ్గర ఎలా చేయాలో వరసగా చెప్తాను. మొదట జిడ్డు తీయాలి, ఆ తర్వాతే రుద్దాలి. జిడ్డు ఉండగా రుద్దితే నూనె గీతల్లోకి కూరుకుపోతుంది. డిటర్జెంటు నీళ్ళు, మంచి నీళ్ళు, తర్వాత ఆల్కహాల్ గుడ్డతో తుడిచి, ఆ తడి ఆరక ముందే రెండో పొడి గుడ్డతో తీసెయ్యాలి. ఒకే గుడ్డతో తుడిస్తే జిడ్డుని ఇటు నుంచి అటు పూసినట్టే.

తర్వాత 180 నంబరు పేపర్, తడిపి. ఎరుపు రంగు నైలాన్ గరుకు పీచు కూడా బాగుంటుంది, వంపుల్లోకి, రివెట్ తలల చుట్టూ దూరుతుంది. ఉక్కు పీచు, ఉక్కు బ్రష్ వాడకండి, ఇనుప రవ్వలు మెత్తటి అల్యూమినియంలో ఇరుక్కుని పెయింట్ కింద తుప్పు చుక్కలవుతాయి.

రుద్దాక డిస్టిల్డ్ నీళ్ళు చల్లి చూడండి. నీళ్ళు అద్దం మీద పొరలా అరనిమిషం విడిపోకుండా నిలిస్తే శుభ్రం. ముత్యాల్లా విడిపోయి జారితే ఇంకా జిడ్డుంది, మొదటికి రండి. ఈ ఒక్క పరీక్ష ఎవరూ దాటేయొద్దు.

అల్యూమినియం గాలి తగిలిన క్షణం నుంచే ఆక్సైడ్ పొర కట్టుకుంటుంది. అందుకే రుద్దిన ప్యానెల్‌కి అదే పూట ప్రైమర్ పడాలి. పొద్దున బండంతా రుద్దేసి ప్రైమర్ మర్నాటికి వాయిదా వేయకండి. ఒక ప్యానెల్ రుద్దడం, దానికి పూయడం, తర్వాత ఇంకోటి.

ఎపాక్సీ_పక్షం
ఎపాక్సీ కలిపాక డబ్బా మీద చెప్పినంతసేపు, మామూలుగా పదిహేను నుంచి ముప్పై నిమిషాలు, అలా ఉంచాలి. కలిపిన వెంటనే పూయడం ఒక తప్పు. చలిలో పూయడం రెండోది: 15 డిగ్రీల కింద చాలా రకాలు గట్టిపడవు. కాలం దాటాక పై కోటు వేయడం మూడోది. గడువు దాటితే మళ్ళీ గరుకు పీచు పట్టాలి, లేకపోతే రెండు కోట్ల మధ్యే ఊడుతుంది.

పాత పెయింట్ అంచు మీదకి ఎపాక్సీ అరంగుళం ఎక్కనివ్వండి, అంతే. ఎక్కువ ఎక్కిస్తే అందులోని ద్రావకానికి చుక్కల పెయింట్ ముడతలు పడొచ్చు. ఒక మూల పూసి మర్నాడు చూసి ముందుకెళ్ళండి.

వినైల్_గోడ
గుంటలకి, పెచ్చు అంచులకి ఇంటి గోడల లప్పం వాడబోతారేమో, వద్దు. అది నీళ్ళు పీలుస్తుంది, బండి అదిరితే చిట్లుతుంది. ఎపాక్సీ ఆరాక దాని మీద కార్ల బాడీకి వాడే పాలిస్టర్ పుట్టీ, అది కూడా గోరంత మందం మించకుండా. పెచ్చు అంచుని వేలితో తడిమితే మెట్టు తగలకూడదు.

పాతబండి20
ప్యానెళ్ళ అతుకుల్లో సందులున్నాయి. సిలికాన్ నింపాలా?

చెమ్మచుక్క
సిలికాన్ వద్దే వద్దు! దాని మీద పెయింట్ నిలవదు సరే, పక్కన ఉన్న రేకుకి కూడా దాని నూనె పాకి, అక్కడ పెయింట్ చేప కళ్ళలా గుంటలు పడుతుంది.

పెయింట్_పట్టు
అల్యూమినియం ఎండకి ఎంత సాగుతుందో లెక్క వేయండి. 8 అడుగుల రేకు, రాత్రికీ మధ్యాహ్నానికీ 40 డిగ్రీల తేడా వస్తే 2 మిల్లీమీటర్ల పైచిలుకు పెరుగుతుంది. గట్టిగా బిగుసుకునే ఏ పదార్థమైనా ఆ అతుకులో చిట్లక తప్పదు. పెయింట్ పట్టే పాలియూరిథేన్ సీలెంట్ సన్నగా వేసి, తడి వేలితో లోపలికి నొక్కండి. లేదా సందు వదిలేసి, పెయింట్ అయ్యాక సన్నటి అల్యూమినియం పట్టీ కొట్టండి, చాలా పాత బళ్ళలో మొదట ఉన్నది అదే.

గాలి_వెలుతురు
పై పెయింట్ ఏది వేయబోతున్నారు? ఎవరైనా రెండు డబ్బాల కారు పాలియూరిథేన్ వేయమంటే ఒప్పుకోకండి. గట్టిగానే ఉంటుంది, కానీ అందులోని ఐసోసైనేట్‌కి కార్ట్రిడ్జ్ మాస్కు నమ్మకం కాదు, బయటి నుంచి గాలి అందించే మాస్కు కావాలి. ఒకసారి ఒంటికి పడకుండా పోతే జీవితాంతం ఉబ్బసం.

ఎపాక్సీ_పక్షం
నీళ్ళతో పలుచన చేసే యూరిథేన్ ఎనామెల్ చాలు. దాని కింద మొత్తం గోడకి పట్టు ప్రైమర్ ఒక కోటు: ఎపాక్సీ వేసిన మచ్చల మీదా, చుక్కల పెయింట్ మీదా, అంతటా. అప్పుడు రెండు రకాల ఉపరితలాలు ఒక్కటవుతాయి, రంగులో మచ్చలు తేలవు. గోడ పచ్చబారిందన్నారు కదా, సిగరెట్ పొగ మరక అయితే షెల్లాక్ ప్రైమర్ దాన్ని ఆపుతుంది, మామూలు నీళ్ళ ప్రైమర్ అయితే మరక పైకి ఊరి పసుపు చారలు కనిపిస్తాయి.

వినైల్_గోడ
వెనక ప్లాస్టిక్ వంపు ముక్క మర్చిపోకండి. ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ అయ్యుంటుంది. దాని మీద థిన్నర్ గాని, ద్రావకం ఎక్కువున్న ఎపాక్సీ గాని పడితే మెత్తబడి పగుళ్ళిస్తుంది. సబ్బు నీళ్ళు, 320 పేపర్, ప్లాస్టిక్‌కి పట్టే నీళ్ళ ప్రైమర్, తర్వాత అదే పెయింట్.

రెండుకోట్లు
లెక్క ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను. 20 అడుగుల బండి అంటే ముందు కొక్కెం పోను లోపల 17 అడుగులు అనుకుందాం. రెండు గోడలు ఆరుంపావు చొప్పున, పైకప్పు 7, కలిపి పంతొమ్మిదిన్నర అడుగుల చుట్టు. 17తో గుణిస్తే 330 పైచిలుకు, ముందు వెనకలకి ఇంకో 80. కిటికీలు, తలుపు, బీరువాల వెనక భాగం తీసేస్తే 300 చదరపు అడుగులు.

లీటరుకి ఒక కోటు 100 చదరపు అడుగులు. పట్టు ప్రైమర్ 3 లీటర్లు సరిపోతుంది, 4 తీసుకోండి. పై పెయింట్ రెండు కోట్లకి 6, కాబట్టి 7 లీటర్లు. ఎపాక్సీ ఒట్టి లోహానికి మాత్రమే కాబట్టి కలిపిన తర్వాత 2 లీటర్లు.

ఒకే రంగు రెండు మూడు డబ్బాలైతే పెద్ద బకెట్‌లో అన్నీ కలిపి మొదలుపెట్టండి. డబ్బా డబ్బాకీ రంగు కొద్దిగా తేడా ఉంటుంది, ప్యానెల్ మధ్యలో బయటపడుతుంది.

రివెట్_సుత్తి
రోలర్ 4 అంగుళాలది, మైక్రోఫైబర్, పావంగుళం లోపు నూలు. ముందు రివెట్ వరసల మీద చిన్న బ్రష్, వెంటనే దాని మీంచి రోలర్, ఆ తడి మీద. ప్యానెల్ అతుకు నుంచి అతుకు దాకా ఒక్క ఊపులో పూర్తి చేయాలి, మధ్యలో ఆగొద్దు. మెరుపు ఎక్కువున్న పెయింట్ తీసుకోకండి, పలుచని రేకులో ఉన్న ప్రతి సొట్టా కనిపిస్తుంది. శాటిన్ బాగుంటుంది.

చెమ్మచుక్క
వేసే రోజు రేకు వేడి, గాలిలోని మంచుబిందువు (ఆవిరి నీళ్ళుగా మారే వేడి) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువుండాలి. పొద్దున్నే రేకు చల్లగా ఉంటుంది, కంటికి కనపడని తడి ఉంటుంది. తొమ్మిది దాటాక మొదలుపెట్టి, ఎండ దిగే ముందు మూడు గంటలకి ఆపెయ్యండి. ఎండ తగిలే వైపు గోడ మధ్యాహ్నం వద్దు, రోలర్ కింద పెయింట్ ఆరిపోయి గీతలు పడతాయి.

పాతబండి20
ల్యాబ్ ఫలితం వచ్చింది: చుక్కల పెయింట్‌లో సీసం ఉంది. ఎమల్షన్ అంతా ఆల్కహాల్‌తో తడిగానే తీశాను, నాలుగు రోజులు పట్టింది. చుక్కల పెయింట్‌ని తడి గరుకు పీచుతో మెరుపు పోయేంత మాత్రమే రుద్దాను. లోహం తేలిన చోట ఎపాక్సీ, మొత్తానికి షెల్లాక్ ప్రైమర్. మూడు చోట్ల నమూనాగా పై పెయింట్ రెండు కోట్లు వేసి వారం ఆగాను.

బ్లేడుతో గళ్ళు గీసి టేపు లాగాను. పక్క గోడ: ఒక్క గడి కూడా ఊడలేదు. స్టవ్ వెనక: ఊడలేదు. ముందు కిటికీ కుడి పక్కన: నూరు గళ్ళలో పన్నెండు టేపుకి వచ్చేశాయి.

పెయింట్_పట్టు
గళ్ళ పరీక్ష కొలమానంలో మొదటి రెండూ 5బి, అంటే ఏమీ ఊడలేదు, మూడోది 3బి. ఐదు నుంచి పదిహేను శాతం ఊడితే 3బి. అక్కడ పై పెయింట్ వేయొద్దు.

టేపుకి అంటిన గళ్ళని భూతద్దంతో చూడండి. వెనక తెల్లగా ఉంటే ప్రైమర్‌కీ చుక్కల పెయింట్‌కీ మధ్య విడిపోయింది. చుక్కలు కనిపిస్తే చుక్కల పెయింటే రేకు నుంచి లేచింది. గళ్ళు ఎంత వెడల్పు గీశారు?

పాతబండి20
1 మిల్లీమీటరు గళ్ళు. వెనక తెల్లగా ఉంది, చుక్కలు లేవు.

పెయింట్_పట్టు
అయితే 2 మిల్లీమీటర్ల గళ్ళతో ఇంకోసారి గీయండి, మొత్తం పూత మందం 50 మైక్రాన్లు దాటాక అదే పద్ధతి. ఫలితం పెద్దగా మారదనుకుంటున్నాను. ప్రైమర్ కింద ఏదో ఉంది. ఆ కిటికీకి ఎవరైనా లోపలి నుంచి సీలెంట్ వేశారా?

పాతబండి20
2 మిల్లీమీటర్ల గళ్ళు గీశాను, పాతిక గళ్ళలో మూడు వచ్చాయి. అవును, కిటికీ చట్రం లోపలి అంచున మెత్తటి పారదర్శక సీలెంట్ ఉంది. నేను దాని మీద టేపు అతికించి పెయింట్ వేశాను.

చెమ్మచుక్క
సిలికాన్! దొరికింది.

రివెట్_సుత్తి
ప్లాస్టిక్ కత్తితో ఆ సీలెంట్ పూర్తిగా కోసి తీయండి. మిగిలిన పొరకి సిలికాన్ రిమూవర్, ఏబీఎస్ ముక్కకి తగలకుండా. తర్వాత ఆ ప్యానెల్‌లో ప్రైమర్‌ని అతుకు నుంచి అతుకు దాకా మొత్తం తీసెయ్యండి, కిటికీ పక్కన ఆరంగుళాలు మాత్రమే అని ఆగొద్దు. ప్యానెల్ మధ్యలో ఆపితే ఆ గీత ఎప్పటికీ కనిపిస్తుంది. షెల్లాక్ ప్రైమర్ ఆల్కహాల్‌కి కరుగుతుంది కాబట్టి కష్టం లేదు. నీళ్ళ పరీక్ష మళ్ళీ చేయండి.

పాతబండి20
ప్రైమర్ తీసేశాను. సిలికాన్ రిమూవర్ రెండుసార్లు, ఆల్కహాల్ మూడుసార్లు పట్టింది. మొదటి రెండుసార్లు నీళ్ళు ముత్యాల్లా విడిపోయాయి, మూడోసారి పొరలా నిలిచాయి. ప్రైమర్ పడింది, నమూనా మీద పై పెయింట్ కూడా. వారం తర్వాత గళ్ళు గీస్తే ఒక్కటి కూడా ఊడలేదు. రేపటి నుంచి పైకప్పు.

బీరువా తలుపులు ఎప్పుడు తిరిగి బిగించొచ్చు?

ఎపాక్సీ_పక్షం
చేతికి అంటనంత మాత్రాన లోపల గట్టిపడినట్టు కాదు. నీళ్ళ ఎనామెల్ పూర్తిగా గట్టిపడటానికి దాదాపు నెల పడుతుంది. తలుపులు వారానికి బిగించుకోండి కానీ మూసి గొళ్ళెం పెట్టకండి, తలుపు గోడకి ఆనే చోట మైనపు కాగితం ముక్క ఉంచండి. పరుపు గోడకి ఆనించకండి. రాత్రి వెంట్ ఒక అంగుళం తెరిచే ఉంచండి.